మాస్టారిని స్టేషన్‌కి పిలిచారు: లాయరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మనుషులు కనిపించకుండా పోయిన కేసుల గురించే. అనుమానం పడ్డవాళ్ల ఇంటి నుంచీ వచ్చాయి, మనిషిని పోగొట్టుకున్న ఇంటి నుంచీ వచ్చాయి. రెండు వైపులా కన్నీళ్లే. అందుకని ఈ సంచికలో వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: లాయరమ్మగారూ, నమస్కారం. మా వారు ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు అరవై నాలుగేళ్లు. ఊళ్లో సంబంధం మాట్లాడాలన్నా, గట్టు తగువు తీర్చాలన్నా ఆయన్నే పిలుస్తారు. సాయంత్రాలు ఇంటి అరుగు మీద పిల్లలకు డబ్బు తీసుకోకుండా పాఠం చెబుతారు. డిగ్రీ పరీక్షల కోసం ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు నెల క్రితం కనిపించకుండా పోయాడు. ఆ అబ్బాయి చివరి ఫోను మా వారికే చేశాడట. అప్పటి నుంచి ఎస్సైగారు స్టేషన్‌కి పిలిపిస్తూనే ఉన్నారు. పొద్దున వెళితే రాత్రికి పంపుతున్నారు. కుర్రాడి తల్లి మా గుమ్మం ముందుకొచ్చి శాపనార్థాలు పెట్టింది. పిల్లలు పాఠానికి రావడం మానేశారు. మా వారు సరిగా అన్నం తినడం లేదు. "ఇంక నేనెక్కడికీ రాను, ఎవరికీ ఏమీ చెప్పను" అని మంచం దిగడం లేదు. తప్పు చేశాడు కాబట్టే దాక్కున్నాడంటారేమోనని నా భయం. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట గట్టిగా చెబుతాను. చివరి ఫోను ఎవరికి వెళ్లిందో వాళ్లను పోలీసులు అడిగి తీరాలి. కాల్ డేటా తీయించిన ఏ అధికారైనా మొదట చేసే పని అదే. మాస్టారిని అడిగారంటే ముద్దాయిని చేశారని కాదు. కానీ పిలిచే పద్ధతికి చట్టం ఉంది. పోలీసు విచారణ ఎలా సాగాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 179వ సెక్షన్ చూడండి. సాక్షిగా పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. అరవై ఏళ్లు దాటిన మగవాళ్లను, ఏ వయసు ఆడవాళ్లనైనా వాళ్లుండే చోటే విచారించాలి తప్ప స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు. పాత చట్టంలో ఈ వయసు అరవై ఐదు. కొత్త చట్టం అరవైకి తగ్గించింది కాబట్టి మీ వారికి అది వర్తిస్తుంది. తనంతట తాను వస్తానంటే రావచ్చు, అది ఆయన ఇష్టం.

కాబట్టి "రాను" అని మంచం మీద పడుకోవద్దనండి. దాని బదులు ఒక ఉత్తరం రాయించండి. "విచారణకు పూర్తిగా సహకరిస్తాను. నా వయసు ఇంత. దయచేసి మా ఇంటికి వచ్చి అడగండి, ఏ రోజైనా ఉంటాను." ఇంతే. ఆధార్ నకలు జతచేసి స్టేషన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపండి, డీఎస్పీగారికి ఒక నకలు. దాక్కున్నాడని ఎవరన్నా అంటే ఆ రసీదే జవాబు చెబుతుంది. పోలీసులు రాసుకునే స్టేట్‌మెంట్ కింద సాక్షి సంతకం పెట్టనక్కర్లేదని చట్టమే చెబుతోంది. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

చేతికి వచ్చిన నోటీసు మీద అదే చట్టంలోని 35(3) సెక్షన్ అని ఉంటే మాత్రం సంగతి వేరు. నేరం చేశారన్న అనుమానం ఉన్నవాళ్లకి ఇచ్చే నోటీసు అది. దానికి వెళ్లి తీరాలి. వెళ్లేముందు మీ ఊరి దగ్గరి క్రిమినల్ లాయరును కలవండి, ముందస్తు బెయిలు అవసరమా కాదా ఆయన చూసి చెబుతారు. విచారణ జరుగుతుండగా లాయరును కలుసుకునే హక్కు మీ వారికి ఉంది. లై డిటెక్టరు పరీక్ష అన్నారనుకోండి, మనిషి ఒప్పుకోకుండా చేయడానికి వీల్లేదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. బెదిరిపోవద్దు.

ఇక నాకు అసలు దిగులు కలిగించిన మాట: "ఎవరికీ ఏమీ చెప్పను." అమ్మా, ఆ అబ్బాయి ఎక్కడున్నాడో తెలిపే దారం ఏదైనా మిగిలి ఉంటే అది ఆ చివరి ఫోనులోనే ఉండొచ్చు. ఆయన్ని కూర్చోబెట్టి తెల్లకాగితం ఇవ్వండి. ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు మాట్లాడాడు, గొంతు ఎలా ఉంది, వెనకాల బస్సు హారన్ వినిపించిందా, రైల్వే అనౌన్స్‌మెంటా, డబ్బు అడిగాడా, పరీక్ష తప్పానన్నాడా, ఎవరి పేరైనా ఎత్తాడా. గుర్తున్నదే రాయాలి. గుర్తులేనిచోట ఊహించి నింపకూడదు. ఫోనులో ఒక్క మెసేజీ కూడా తీసేయవద్దు, ఫోను మార్చవద్దు. ఆ రోజు ఆయన ఎక్కడికి వెళ్లారో ఆ దారిలో దుకాణాల సీసీ కెమెరాలుంటే ఇవాళే అడగండి. కొన్ని వారాలు గడిస్తే పాత ఫుటేజీ చెరిగిపోతుంది.

ఇంకొకటి. మాస్టారు ఎలా కూర్చున్నారు, ఏడ్చారా లేదా, తల దించుకున్నారా అని ఊరు చూస్తూ ఉంటుంది. ముఖం చూసి తీర్పు చెబితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో జరిగింది. 1980 ఆగస్టు 17 రాత్రి, ఎడారి మధ్య ఉలురు అనే పెద్ద ఎర్రకొండ దగ్గర మైకేల్ చాంబర్లేన్ అనే చర్చి పాస్టరు, భార్య లిండీ, పిల్లలతో గుడారం వేసుకున్నారు. తొమ్మిది వారాల పాప అజారియా గుడారంలోంచి మాయమైంది. డింగో ఎత్తుకుపోయిందని తల్లి కేకపెట్టింది. డింగో అంటే అక్కడి అడవికుక్క. మొదట విచారించిన అధికారి ఆమె చెప్పిందే నిజమన్నారు. జనం ఒప్పుకోలేదు. టీవీలో ఆమె కుమిలి కుమిలి ఏడవలేదట! పాప పేరుకు ఎడారిలో బలి అని అర్థమని ఎవరో అబద్ధం పుట్టించారు. కారులో పసిబిడ్డ రక్తం ఉందని నిపుణులన్నారు. 1982 అక్టోబరులో లిండీకి యావజ్జీవ శిక్ష పడింది. పాస్టరుగారికి నేరం దాచాడని 18 నెలల శిక్ష వేసి అమలు నిలిపారు. నిండు గర్భిణిగా జైలుకెళ్లిన తల్లి ఖైదీగా ఉండగానే ఆస్పత్రిలో ఇంకో పాపను కంది. 1986 ఫిబ్రవరిలో, కొండ మీంచి పడి చనిపోయిన వేరే యాత్రికుడి కోసం వెతుకుతుంటే, డింగోలు తిరిగేచోట ఆ పాప చిన్న కోటు దొరికింది. పాప ఒంటి మీద ఆ కోటు ఉందని తల్లి మొదటి నుంచీ చెబుతున్నా ఎవరూ నమ్మలేదు. రక్తం అన్నది కారు చప్పుడు తగ్గించడానికి ఫ్యాక్టరీలో కొట్టిన రసాయనమని తేలింది. 1988లో శిక్షలు రద్దయ్యాయి. డింగోయే అని అధికారికంగా తేలేసరికి 2012 జూన్ వచ్చింది.

ముప్ఫై రెండేళ్లమ్మా. ఆ కోటు కొండ దగ్గరే పడి ఉంది. నేరస్తులు దొరికేశారనుకున్నాక దాన్ని వెతకాలని ఎవరికీ అనిపించలేదు. నా భయమంతా అక్కడే. మాస్టారే చేశారని ఊరు అనేసుకున్న రోజున ఆ కుర్రాడి కోసం బస్టాండుల్లో, రైల్వే పోలీసుల దగ్గర, ఆస్పత్రుల్లో అడగడం ఆగిపోతుంది. మాస్టారి పరువు కంటే ముందు నేను ఆలోచించేది దాని గురించే.

ఆ తల్లి శాపాలకు ఎదురు చెప్పకండి. కడుపు మండి అన్న మాటలవి. ఇద్దరికీ కావలసిన పెద్దమనిషిని ఎవరినైనా పంపి, "మాస్టారు రాసిన కాగితం ఇది, ఎస్సైగారికీ ఇచ్చారు, ఇంకేం కావాలన్నా అడగండి" అని చెప్పించండి. మీ వారికి కాస్త అన్నం కలిపి పెట్టండి. రాయడానికి ఓపిక కావాలి.

ప్రశ్న: మనిషి కనిపించకపోతే 24 గంటలు ఆగాకే కంప్లయింటు తీసుకుంటారా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: అలాంటి నిబంధన ఎక్కడా లేదు. గంటలో వెళ్లినా తీసుకోవాలి. మీ పరిధి కాదని తిప్పి పంపడానికీ వీల్లేదు, జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కి పంపుకోవాలి. తప్పిపోయింది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే, ఎత్తుకుపోయినట్టుగానే భావించి కేసు కట్టాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అత్యవసర నంబరు 112కి గానీ, పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ వెంటనే ఫోను చేయండి.

ప్రశ్న: అమ్మా, మా పెద్దోడు ఒక పేరున్న డాక్టరుగారి ఫామ్‌హౌస్‌లో కాపలాకు ఉండేవాడు. దసరాకి ఇంటికొస్తానన్నోడు రాలేదు, ఫోను స్విచాఫ్. స్టేషన్‌లో మ్యాన్ మిస్సింగ్ అని రాసుకున్నారు గానీ డాక్టరుగారిని ఒక్క మాట అడగలేదు. ఆయన పేదోళ్లకి ఉచితంగా ఆపరేషన్లు చేస్తాడు, గుడి కట్టించాడు. "అంత దేవుడి లాంటోడిని అంటావా" అని మావాళ్లే నన్ను తిడుతున్నారు. నేను తప్పు చేస్తున్నానా?
– ఒక తండ్రి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తప్పు కాదన్నా. బిడ్డ ఎక్కడున్నాడని అడగడం తప్పెలా అవుతుంది? డాక్టరుగారు మంచివారే కావచ్చు. మంచివారైతే అడిగినదానికి జవాబు చెప్పడానికి ఆయనకు ఇబ్బంది ఉండదు. పైన మాస్టారిని అడిగిన ప్రశ్నలే డాక్టరుగారినీ అడగాలి: చివరిసారి ఎప్పుడు చూశారు, జీతం ఎప్పుడిచ్చారు, తగువేమైనా అయిందా, గేటు దగ్గర కెమెరా ఉందా. గుడి కట్టించారని ఈ ప్రశ్నలు మానేయకూడదు.

మీరు మాత్రం కాగితం మీద "డాక్టరే ఏదో చేశాడు" అని రాయించకండి. మీకు తెలిసింది రాయించండి. ఫలానా తేదీ నుంచి ఫలానా చోట పనిలో ఉన్నాడు, ఫలానా రోజు చివరిగా మాట్లాడాడు, ఈ మాట అన్నాడు, తర్వాత ఫోను లేదు, వాడి బట్టల సంచి ఇంకా అక్కడే ఉందో లేదో చూడండి, అక్కడ పనిచేసే మిగతావాళ్లను అడగండి. ఊహ రాస్తే కేసంతా ఆ ఊహ చుట్టే తిరుగుతుంది, రేపు అబద్ధపు ఫిర్యాదని మీ మీదకే వస్తారు. తెలిసింది రాస్తే ఎవరూ కాదనలేరు.

కదలిక లేకపోతే అదే కాగితాన్ని జిల్లా ఎస్పీగారికి పోస్టులో పంపండి. అప్పటికీ లేకపోతే అదే కొత్త చట్టం 175(3) సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లోగా చెప్పాలని కొత్త చట్టం 193వ సెక్షన్‌లో ఉంది, ధైర్యంగా అడగండి. లాయరు ఫీజుకు వెనకాడకండి, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకి అక్కడ ఖర్చు లేకుండా లాయరును ఇస్తారు.

ఎవరో నిర్బంధించారనడానికి ఆధారం ఉంటే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, వేయొచ్చు. ఆ దారిన నడిచిన ఒక తండ్రి గురించి మీకు చెప్పాలి. 1976 మార్చి 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, కేరళలోని కాలికట్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. తండ్రి ఈచర వారియర్ హిందీ అధ్యాపకుడు. ఏ గుమ్మం ఎక్కినా ఎవరూ నిజం చెప్పలేదు. 1977లో ఎమర్జెన్సీ ఎత్తేశాక హైకోర్టుకు వెళ్లాడు. మాకు తెలియదు, మేం పట్టుకెళ్లనే లేదు అన్న సర్కారు మాట కోర్టులో నిలవలేదు. రాజన్‌ను పట్టుకెళ్లిననాటి హోంమంత్రి కె. కరుణాకరన్ అప్పటికి ముఖ్యమంత్రి అయి నెల కూడా నిండలేదు. ఆ ఏప్రిల్‌లోనే పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ తండ్రికి కొడుకు దక్కలేదు, శవం కూడా దక్కలేదు. కానీ ఒక అధ్యాపకుడు అడిగిన ప్రశ్నకి ఒక ముఖ్యమంత్రి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. మీ ఎదుట ఉన్నది అంత పెద్ద సర్కారేం కాదు. అడగండి.

ప్రశ్న: వినాయక చవితి నాడు కథ విని అక్షింతలు వేసుకుంటే నీలాపనిందలు రావంటారు. శ్రీకృష్ణుడికే తప్పలేదు కదా. ఈ కథను మీరు లాయరుగా ఎలా చూస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: బంగారు తల్లీ, ఎంత మంచి ప్రశ్న వేశావు! నేను ఏటా ఆ కథ చదువుతాను, చదివిన ప్రతిసారీ ఇది మిస్సింగ్ కేసే కదా అనుకుంటాను. తప్పిపోయినవాడు ప్రసేనుడు. మెడలో శమంతకమణి వేసుకుని గుర్రమెక్కి వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఫిర్యాది అన్న సత్రాజిత్తు. అనుమానం పడ్డది ద్వారకలో అందరికంటే పెద్దవాడి మీద. అనుమానానికి కారణం కూడా ఉంది: ఆ మణిని రాజుకిమ్మని కృష్ణుడు అంతకుముందు అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వనన్నాడు. ఇప్పటి పోలీసు భాషలో మోటివ్ ఉన్నట్టే. ఇంకేం, ఊరంతా ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు.

ఇక కృష్ణుడు చేసిన పని చూడు. సత్రాజిత్తు మీద కోప్పడలేదు. నేనెవరినో తెలుసా అనలేదు. పురజనుల్ని వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. ఒంటరిగా వెళ్లి ఉంటే రేపు వచ్చి ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? జాడలు పట్టుకుని పోతే ప్రసేనుడూ గుర్రమూ చచ్చిపడి ఉన్నారు, పక్కన సింహం అడుగులు. వాటి వెంట పోతే సింహం చచ్చి ఉంది, అక్కడి నుంచి ఎలుగుబంటి అడుగులు, ఆపైన గుహ. జనాన్ని బయట ఉంచి లోపలికి వెళ్లాడు. జాంబవంతుడితో ఇరవై ఎనిమిది రోజులు యుద్ధం. బయట ఉన్నవాళ్లు పన్నెండు రోజులు చూసి ఏడుస్తూ వెనక్కి వెళ్లిపోయారు. తిరిగొచ్చాక కూడా మణిని చాటుగా ఇవ్వలేదు. రాజు కొలువులో సత్రాజిత్తును పిలిపించి, ఎలా దొరికిందో అందరి ముందూ చెప్పి, చేతిలో పెట్టాడు.

నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది ఆ అడుగుజాడలు. నింద తుడుచుకోవాలన్నది కృష్ణుడి పట్టుదలే. కానీ దానికి ఆయన ఎంచుకున్న దారి ప్రసేనుణ్ణి వెతకడం. పైన చెప్పిన ఉలురు కొండ దగ్గర కూడా ఆ రాత్రే అక్కడి ఆదివాసీ జాడగాళ్లు ఇసుకలో డింగో అడుగులు చూసి చెప్పారు. వాళ్ల మాటకు కోర్టులో దక్కాల్సిన విలువ దక్కలేదు.

కథలో చాలామంది చదవకుండా దాటేసే భాగం ఇంకొకటి ఉంది, భాగవతంలో తర్వాతి అధ్యాయం. సత్రాజిత్తును శతధన్వుడు చంపి మణి తీసుకుపోతాడు. కృష్ణుడు వాడిని తరిమి చంపితే మణి వాడి దగ్గర ఉండదు. అప్పుడు స్వయానా అన్న బలరాముడికే తమ్ముడి మాట మీద పూర్తి నమ్మకం కుదరదు. మణి అక్రూరుడి దగ్గర ఉందని తెలిసి, "మా అన్నకే నా మీద నమ్మకం చాలడం లేదు, నలుగురికీ చూపించు" అని కృష్ణుడే అడుగుతాడు. మాస్టారి భార్యగారు ఈ ముక్క చదివితే కాస్త ఊరటపడతారు. ఇంటివాళ్లకు ఒక క్షణం సందేహం రావడం కూడా పాపం కాదు.

అక్షింతలు వేసుకో తల్లీ. కథ మటుకు మొత్తం చదువు.

ప్రశ్న: శవం దొరకకుండా హత్య కేసు నిలుస్తుందా? చివరిసారి ఇద్దరూ కలిసి కనిపించారంటే చాలా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: శవం లేకపోయినా నిలవొచ్చని 1981లో రమానంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మనిషి చనిపోయాడనీ, చంపారనీ మిగతా సాక్ష్యాలు సందేహం లేకుండా చూపాలి. "చివరిసారి కలిసి కనిపించారు" అన్నది గొలుసులో ఒక లింకు మాత్రమే. కనిపించిన సమయానికీ చావుకూ మధ్య ఇంకెవరూ రావడానికి వీల్లేనంత తక్కువ వ్యవధి ఉంటేనే దానికి బలం. సందర్భ సాక్ష్యాల గొలుసు ఎలా ఉండాలో 1984లో శరద్ బిర్దీచంద్ శారదా కేసు తీర్పు అయిదు సూత్రాలుగా చెప్పింది.

కోర్టులు ఇంత పట్టుబట్టడానికి కారణాలున్నాయి. 1660లో ఇంగ్లండులోని కాంప్‌డెన్‌లో విలియం హారిసన్ అనే డెబ్భై ఏళ్ల ఎస్టేటు గుమాస్తా శిస్తులు వసూలు చేసుకోవడానికి వెళ్లి మాయమయ్యాడు. నెత్తుటి మరకలతో మెడపట్టీ, కోతపడ్డ టోపీ దొరికాయి. ఆయన సేవకుడు జాన్ పెర్రీ, ఏ బుద్ధి పుట్టిందో, నా తల్లీ సోదరుడూ చంపారని చెప్పాడు. 1661లో పెర్రీతో సహా ముగ్గురినీ ఉరితీశారు. 1662లో హారిసన్ ప్రాణాలతో ఇంటికొచ్చాడు.

అడగకపోయినా ఒకటి చెబుతాను. ఏడేళ్ల పాటు, బతికుంటే తెలియవలసినవాళ్లకు ఏ కబురూ తెలియకపోతే, బతికే ఉన్నాడని చెప్పేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. ఇది కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 111వ సెక్షన్. ఆస్తి, పింఛను, బీమా వ్యవహారాలకు ఇది పనికొస్తుంది. ఎవరో చంపారనడానికి పనికిరాదు.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపుకు నేను అడ్మిన్‌ని. మా దగ్గర ఒక కాలేజీ అమ్మాయి కనిపించడం లేదు. ఒక లెక్చరరుగారి ఫోటో పెట్టి "వీడే" అని ఎవరో పోస్టు చేశారు. వందలసార్లు ఫార్వర్డ్ అయింది. నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇప్పుడే తీసేయండి. ఇది చదవడం పూర్తయ్యాక అని కాదు, ఇప్పుడే. తీసేముందు ఎవరు ఎప్పుడు పెట్టారో స్క్రీన్‌షాట్ తీసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. పెట్టినవాడి మీద భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టం కేసు పడొచ్చు, పంచినవాళ్లకీ చిక్కే. పోస్టు పెట్టినవాడికి నిజంగా ఏదైనా తెలిసుంటే గ్రూపులో కాదు, స్టేషన్‌లో చెప్పమనండి. లెక్చరరుగారిని అడగవలసింది పోలీసులు అడుగుతారు.

ఆ ఫోటో ఉన్నచోట ఆ అమ్మాయి తల్లిదండ్రులను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే, అమ్మాయి ఫోటో పెట్టండి. ఎత్తు, ఒంటి రంగు, పుట్టుమచ్చలు, ఆ రోజు వేసుకున్న బట్టల రంగు, చెప్పులు, బ్యాగు, మాట్లాడే భాషలు, చివరిగా కనిపించిన స్టాపు, సమయం, స్టేషన్ నంబరు రాయండి. ఇంటివాళ్ల నంబరు మాత్రం పెట్టకండి, డబ్బు గుంజే మోసగాళ్లు తయారవుతారు. వందలమంది ఫార్వర్డ్ చేస్తారన్నారు కదా, దీన్ని చేయమనండి. అమ్మాయి దొరకగానే ఆ పోస్టు కూడా తీసేయించండి.